జామ్ బిస్కెట్టులో జామ ఎంత?

విద్యార్థి సంఘం వారు ఈ యేటి సావనీరుకు వ్యాసం ఇమ్మని అడిగినప్పుడు, కెమిస్ట్రీ విద్యార్థినిని గనుక నేను ఏ ఎరువుల మీదనో, ప్లాస్టిక్కుల మీదనో వ్రాస్తానని కార్యదర్శిగారు అనుకొని ఉంటారు. జామ్ బిస్కెట్ల మీద వ్రాస్తానన్నాను. ఆయన నవ్వి, "అవి తినేవే గాని వ్రాసేవి కావు గదండీ" అన్నారు. ప్రక్కనున్న నలుగురూ నవ్వారు. ఆ నవ్వినవాళ్ళలో కనీసం ఇద్దరి గదుల్లో, మంచం క్రింద పెట్టెలో, బట్టల మడతల మధ్య ఆ బిస్కెట్ల పాకెట్టు ఒకటి దాగి ఉంటుందని నాకు తెలుసు. తినేదాన్ని గురించి తెలుసుకోవడం తప్పేమీ కాదు గనుక పాఠకులు కాస్త ఓపిక పట్టాలని కోరుతున్నాను.

ఏ బిస్కెట్టు సంగతి చెప్తున్నానో ముందు స్పష్టం చేయాలి. గుండ్రంగా రెండు బిస్కెట్లు, వాటి నడుమ తెల్లని క్రీము, పై బిస్కెట్టుకు మధ్యలో ఒక కన్నం, ఆ కన్నంలోంచి ఉంగరంలో కెంపులాగా తొంగిచూసే ఎర్రని జామ్. ఆస్ట్రియా దేశంలో లింజ్ అనే పట్టణం పేరు మీద ఇట్లాంటి జామ్ బిస్కెట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. ఇంగ్లండులోనూ పిల్లలకు ఇవంటే ప్రాణం. ఆ చరిత్ర ఇక్కడ మనకంత అవసరం లేదు. తినే పద్ధతి మాత్రం చెప్పాలి. పై బిస్కెట్టును మెల్లగా తిప్పి ఊడదీసి, క్రీమును నాకి, జామ్‌ను చిట్టచివరికి మిగుల్చుకోవాలి. మా హాస్టలులో దీన్ని అట్లా కాకుండా, మామూలు బిస్కెట్టులాగా కొరికి తిన్నవాళ్ళను నేనింతవరకు చూడలేదు.

నేను ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో ఒకసారి మా అమ్మమ్మ చేతిలో ఈ బిస్కెట్టు ఒకటి పెట్టి, "జామ్ బిస్కెట్టు అమ్మమ్మా, తిను" అన్నాను. ఆవిడ అటూ ఇటూ త్రిప్పి చూసి, "ఏమే, ఈమధ్య జామకాయలతో కూడా బిస్కెట్లు చేస్తున్నారా?" అంది. ఇంట్లో అందరం పడిపడి నవ్వాం. తెలుగులో ఒక్క పొల్లు తీసేస్తే జామ్ కాస్తా జామ అయి కూర్చుంటుంది గదా! ఆవిడ అడిగిన ప్రశ్న అంత నవ్వదగ్గది కాదని నాకు మూడేళ్ళ తరువాత గాని తెలిసి రాలేదు.

క్రిందటి సంవత్సరం మన కాలేజీలో ఎన్.ఎస్.ఎస్. తరఫున రక్తదాన శిబిరం జరిగింది. నేనూ, నా రూమ్మేటూ పేర్లు ఇచ్చాం. మా వంతు వచ్చింది. వేలు గుచ్చి ఒక చుక్క రక్తం తీసి పరీక్షించారు. మన దేశంలో రక్తం ఇవ్వదలచినవారికి హీమోగ్లోబిన్, డెసిలీటరు రక్తంలో కనీసం 12.5 గ్రాములు ఉండాలి. నాకు 10.4 వచ్చింది. అంటే దానం చేయడం మాట అట్లా ఉంచి, నాకే అరువు కావలసిన స్థితి అన్నమాట. నా రూమ్మేటు మంచం మీద పడుకొని దర్జాగా రక్తం ఇస్తున్నది. నన్ను ప్రక్కన కుర్చీలో కూర్చోబెట్టి డాక్టరమ్మగారు ప్రశ్నలు మొదలుపెట్టారు.

"పొద్దున ఏం తిన్నావమ్మా?"

"బిస్కెట్లు, టీ మేడమ్."

"నిన్న పొద్దున?"

"బిస్కెట్లే మేడమ్."

"ఏ బిస్కెట్లు?"

"జామ్‌వి మేడమ్. వాటిల్లో పండ్లుంటాయి."

ఆవిడ కలం క్రింద పెట్టి నా మొహంలోకి చూశారు. "పండ్లుంటాయని నీకెవరు చెప్పారు తల్లీ?" అన్నారు. రేపరు మీద బొమ్మ ఉన్నదని చెప్పడానికి నాకు సిగ్గు వేసింది. రసాయనశాస్త్రం చదువుతూ, ప్రతి సీసా మీద చీటీ చదివిగాని మూత తీయనిదాన్ని, రోజూ నోట్లో వేసుకునేదాని చీటీ ఒక్కనాడు చదవలేదు.

ఇది నా ఒక్కదాని కథ అయితే సావనీరు పేజీలు వృథా చేసేదాన్ని కాదు. 2019–21 సంవత్సరాలలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నది. మగవాళ్ళలో నూటికి 25 మందికి. మన మెస్సులో ఒక బెంచీ మీద ఆరుగురం కూర్చుంటాం. ఆ లెక్కన ఆడపిల్లల బెంచీకి ముగ్గురం నలుగురం తేలుతాం.

బిస్కెట్లు తిన్నందువల్ల రక్తహీనత వచ్చిందని నేననను. అట్లా అంటే శాస్త్రం ఒప్పుకోదు. బిస్కెట్టు రక్తాన్ని పీల్చదు. అది చేసే పని వేరు: వేరేదేదో కూర్చోవలసిన పీట మీద తాను కూర్చుంటుంది. ఈ సంగతి నాకు లెక్కలు కట్టిన తరువాతనే అర్థమైంది.

ఆ మరుసటి శనివారం, ప్రాక్టికల్సు అయిన తరువాత, మా అటెండరుగారిని బ్రతిమాలుకొని ఒక పాకెట్టు బిస్కెట్లు పట్టుకొని లాబులో త్రాసు దగ్గర కూర్చున్నాను. ఆరు బిస్కెట్లు, నికర బరువు 75 గ్రాములు. ఒక్కొక్కదాన్ని విడదీసి, స్పాచ్యులాతో క్రీము ఒక గాజుపళ్ళెంలోకి, జామ్ మరొకదానిలోకి గీకి తూచాను. (ఆ రోజు ఏదీ తినలేదని సవినయంగా మనవి. లాబు బల్లల మీద ఏమేమి ఒలుకుతుంటాయో మాకు తెలుసు.) సగటున ఒక బిస్కెట్టు 12.5 గ్రాములలో, పై క్రింది చక్రాలు రెండూ 8.6 గ్రాములు, క్రీము 3 గ్రాములు, జామ్ 0.9 గ్రాము. పాకెట్టు మొత్తం మీద జామ్ అయిదున్నర గ్రాములయినా లేదు. చిన్న చెంచాలో పడుతుంది.

ఇక ఆ చెంచాడు జామ్‌లో పండు ఎంత? సీసాలో పోసి "జామ్" అని పేరు పెట్టి అమ్మాలంటే మన ఆహార నిబంధనల ప్రకారం నూటికి 45 పాళ్ళు పండు ఉండాలి. స్ట్రాబెర్రీ, రాస్‌బెర్రీలకు మాత్రం 25 పాళ్ళుంటే చాలు. బిస్కెట్టులోని జామ్ కూడా అంత నిక్కమైనదేనని ధర్మబుద్ధితో ఒప్పుకుందాం. అప్పుడు కూడా ఆరు బిస్కెట్లలో కలిపి పండు రెండున్నర గ్రాములు దాటదు. సీతాఫలం తినేటప్పుడు గింజకు అంటుకొని పోయే గుజ్జే అంతకన్న ఎక్కువ ఉంటుంది.

పైగా బిస్కెట్టులో పెట్టే జామ్‌కు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉన్నది. అది నాకు చాలా ఇష్టమైన విషయం గనుక కొంచెం వివరంగా చెప్పనివ్వండి. బిస్కెట్టులో తేమ నూటికి రెండు మూడు పాళ్ళే. అందుకే అది కరకరలాడుతుంది. జామ్‌లో నీరు అంతకు ఎన్నో రెట్లు. ఈ రెంటినీ ఒకదానికొకటి ఆనించి నెలల తరబడి ఒకే రేపరులో ఉంచితే ఏమవుతుంది? నీరు జామ్‌లోంచి బిస్కెట్టులోకి పాకి, బిస్కెట్టు మెత్తబడి, జామ్ ఎండి తోలులాగా సాగాలి. మరి అట్లా ఎందుకు కావడం లేదు?

ఒక పదార్థంలో నీరు ఎంత ఉన్నదనేది ఒక లెక్క; ఆ నీటికి ఎంత స్వేచ్ఛ ఉన్నదనేది మరొక లెక్క. ఈ రెండవదాన్నే నీటి క్రియాశీలత అంటారు. శుద్ధమైన నీటికి దాన్ని 1 గా తీసుకుంటే, మామూలు జామ్‌కు సుమారు 0.8, కరకరలాడే బిస్కెట్టుకు 0.2, 0.3 ప్రాంతాల ఉంటుంది. ఎక్కువ స్వేచ్ఛ ఉన్న చోటినుంచి తక్కువ ఉన్న చోటికి నీరు పోతుంది. పోకుండా ఉండాలంటే జామ్‌లోని నీటిని కట్టివేయాలి. ఆవకాయలో ఉప్పు చేసే పని అదే: నీరు కళ్ళకు కనిపిస్తూనే ఉంటుంది గాని బూజుకు అందదు. బిస్కెట్టు జామ్‌లో ఆ పని చక్కెర, గ్లూకోజు పాకం, గ్లిజరిన్ వంటివి చేస్తాయి. ఎంత చక్కెర దట్టిస్తే నీరు అంత కదలకుండా ఉంటుంది. పండు అంటేనేమో నూటికి ఎనభై పాళ్ళకు పైగా నీరు. కాబట్టి కరకరలాడే బిస్కెట్టు నడుమ పండు పండులాగా ఉండడం కుదిరే పని కాదు. కంపెనీవాడి లోభం కొంత ఉంటే ఉండవచ్చుగాని, ప్రకృతి నియమం కూడా అతని పక్షానే ఉన్నది. జామ్ చుట్టూ కట్టగట్టినట్టుండే క్రీము కూడా ఇందుకు సాయపడుతుంది. క్రొవ్వులోంచి నీరు సులభంగా దాటలేదు. మనం నాకేసే క్రీము అక్కడ గోడగా నిలబడి ఉన్నదని తెలిసిన తరువాత నాకు ఆ బిస్కెట్టు చేసినవాడి తెలివి మీద గౌరవం పెరిగింది.

జామ్ గడ్డకట్టేది పండులోని పెక్టిన్ వల్ల. దానికి పులుపూ, చక్కెరా సరిపాళ్ళలో కుదిరితే వలలాగా అల్లుకొని ముద్ద కడుతుంది. అయితే అందుకోసం ఉడికించాలి. పండులో మనం ముఖ్యంగా కోరుకునే సి విటమిన్‌కు వేడి అంటే గిట్టదు. ఉడుకుతున్నప్పుడే చాలా భాగం నశిస్తుంది, నిలవలో మిగిలినది తగ్గుతుంది. రంగు, వాసన కలిపినట్టు రేపరే చిన్న అక్షరాలలో ఒప్పుకుంటుంది. పండు ఇవ్వవలసిన ఎరుపు, పండు ఇవ్వవలసిన పరిమళం సీసాల్లోంచి వచ్చాయంటే పండు ఏ మాత్రం పని చేస్తున్నదో ఊహించుకోవచ్చు. దీనికన్న మన ఆత్రేయపురం మామిడి తాండ్ర నయం. దానిలోనూ తీపి కలుపుతారు గాని, ముక్క నోట్లో వేసుకుంటే మామిడిపండే మాట్లాడుతుంది.

ఇక క్రీము. పేరు విని పాల మీగడ అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. క్రీము అంటే మెత్తగా దంచిన చక్కెర, గది వేడికి గట్టిగా ఉండే క్రొవ్వు, ఇంత వాసన. మన దేశంలో ఆ క్రొవ్వు చాలావరకు పామాయిల్. అందులో ఇంచుమించు సగం సంతృప్త క్రొవ్వు. అందుకే అది నూనెలాగా కారిపోకుండా నిలుస్తుంది. ఇక్కడ బిస్కెట్లకు అనుకూలంగా ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఒకప్పుడు ఇట్లాంటి వాటిలో వనస్పతి ఎక్కువగా వాడేవారు. నూనెలోకి హైడ్రోజన్ ఎక్కించి గట్టిపరిచేటప్పుడు పుట్టే ట్రాన్స్ క్రొవ్వులు చెడ్డ కొలెస్టరాల్‌ను పెంచి, మంచిదాన్ని తగ్గిస్తాయి. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలు, క్రొవ్వులలోనూ, వాటితో చేసిన తినుబండారాలలోనూ, క్రొవ్వులో ట్రాన్స్ భాగం నూటికి 2 పాళ్ళు మించరాదని నిబంధన వచ్చింది. మన అక్కలు, అన్నలు ఇదే హాస్టలులో తిన్న క్రీము కన్న మనం తినే క్రీము ఆ విషయంలో మెరుగు.

పై క్రింది చక్రాలు మైదా. గోధుమ గింజ పొట్టు, మొలక తీసేయగా మిగిలిన తెల్లని పిండి. పీచు, ఇనుము, బి విటమిన్లు అధికంగా ఆ తీసేసిన భాగంలోనే పోతాయి. మైదాలో మాంసకృత్తులు లేకపోలేదు. కాని గోధుమ మాంసకృత్తిలో లైసిన్ అనే ఆమ్లం అసలే కొరత. ఉన్న ఆ కాస్త లైసినూ పొయ్యిలో చక్కెరతో కలిసి కొంత చెడుతుంది. బిస్కెట్టుకు ఆ బంగారు రంగు, ఆ కమ్మని వాసన వచ్చేది ఈ కలయిక వల్లనే. 1912 లో దీన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మేయార్ పేరుతో దీన్ని మేయార్ చర్య అంటారు. అంటే బేకరీ ముందునుంచి పోతుంటే మన కాళ్ళు ఆగిపోయే ఆ వాసనకు మనం లైసిన్ రూపంలో కొంత వెల చెల్లిస్తున్నాం. ఇడ్లీ చూడండి. బియ్యంలో కొరతగా ఉన్న లైసిన్‌ను మినప్పప్పు తెచ్చి పూరిస్తుంది. ఈ రెండింటినీ కలిపి రుబ్బాలని మన పూర్వులకు ఏ లాబు చెప్పిందో!

ఇప్పుడు రేపరు వెనుక ఉన్న పట్టిక చదువుదాం. ముందుగా ఒక చిట్కా: దినుసుల జాబితాను బరువును బట్టి ఎక్కువనుంచి తక్కువకు వరుసగా వేయాలని రూలు. నా పాకెట్టు మీద మొదట మైదా, తరువాత చక్కెర, తరువాత పామాయిల్. జామ్ కోసం చాలా దూరం వెళ్ళవలసి వచ్చింది. పట్టికలో 100 గ్రాములకు శక్తి 484 కిలోకాలరీలు, మాంసకృత్తులు 5 గ్రాములు, పిండిపదార్థాలు 71 గ్రాములు (అందులో చక్కెరలే 37), క్రొవ్వు 20 గ్రాములు (అందులో సంతృప్తం 10). లెక్క సరిగ్గా ఉన్నదో లేదో మీరే చూడవచ్చు. మాంసకృత్తులు, పిండిపదార్థాలు గ్రాముకు 4 కిలోకాలరీలు, క్రొవ్వు 9 ఇస్తాయి: 20, 284, 180, మొత్తం 484. క్రీము బిస్కెట్లలో ఏది చూసినా ఇంచుమించు ఈ దరిదాపుల్లోనే ఉంటుంది.

నేను ఉదయం టిఫినుకు బదులుగా తింటూ వచ్చినది పాకెట్టు మొత్తం. అంటే 363 కిలోకాలరీలు. మన హైదరాబాదులో, తార్నాక దగ్గర జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది గదా (1918 లో కూనూరులో చిన్న బెరిబెరి పరిశోధన విభాగంగా పుట్టి, 1958 లో హైదరాబాదు వచ్చిన సంస్థ అది), వారు 2020 లో ఇచ్చిన లెక్కల ప్రకారం పెద్దగా శారీరక శ్రమ లేని స్త్రీకి రోజుకు 1660 కిలోకాలరీల శక్తి, సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. పాకెట్టు నాకు రోజు శక్తిలో అయిదో వంతుకు పైగా ఇచ్చింది. మాంసకృత్తులు ఇచ్చింది నాలుగు గ్రాముల లోపు, అంటే పన్నెండో వంతు. ఇల్లు కడుతున్న చోటికి బండి నిండా కట్టెలు వచ్చాయి, ఇటుకలు మాత్రం నాలుగే వచ్చాయి.

చక్కెర సుమారు 28 గ్రాములు, అయిదున్నర చెంచాలు. రోజుకు 2000 కిలోకాలరీలు తినేవారు అదనపు చక్కెరను 50 గ్రాముల లోపు, వీలైతే 25 గ్రాముల లోపు ఉంచుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 లో చేసిన సిఫారసు సారాంశం. టీలో చక్కెర ఇంకా కలపనే లేదు. జామ్ పళ్ళకు అంటుకొని ఉండిపోతుందని, నోటిలోని సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మార్చి పంటి పింగాణీని తినేస్తాయని వేరే చెప్పనక్కరలేదు.

అసలు నేను వెదుకుతున్నది ఇనుము. అదే సంస్థ లెక్క ప్రకారం స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, పురుషునికి 19. పాకెట్టులో మైదా సగానికి కొంచెం తక్కువ. ఆ మైదా నుంచి వచ్చే ఇనుము ఇంచుమించు ఒక మిల్లీగ్రాము. (ఇనుము కలిపామని రేపరు మీద వ్రాసే బిస్కెట్లు కొన్ని ఉన్నాయి. నాది అట్లాంటిది కాదు.) ఆ ఒక్క మిల్లీగ్రాము మీద నేను వెంటనే ఒక గ్లాసు చిక్కటి టీ పోస్తున్నాను. టీలోని టానిన్లు శాకాహారంలోని ఇనుమును పట్టుకొని ప్రేగులలో ఇంకనివ్వవు. వచ్చిన ఒక్క చుట్టాన్నీ గుమ్మంలోనే ఆపేయడమన్నమాట.

ఇంత చెప్పిన తరువాత, "మరి ఎందుకు తిన్నావు? మెస్సులో టిఫిను పెట్టరా?" అని మీరు అడగవచ్చు. పెడతారు. ఎనిమిది గంటలకు పెడతారు. మా ప్రాక్టికల్సు ఎనిమిదిన్నరకు. మధ్యన ఇరవై నిమిషాల నడక. వరుసలో నిలబడితే లాబుకు ఆలస్యం, లాబుకు పోతే ఇడ్లీ లేదు. ఆలస్యంగా వెళితే ఏం జరుగుతుందో సైన్సు విద్యార్థులకు చెప్పనక్కరలేదు. రాత్రి భోజనం ఏడున్నరకు అయిపోతే, పదకొండింటికి చదువుకుంటూ ఉన్నప్పుడు కడుపులో మళ్ళీ పిలుపు. అప్పుడు చేతికి అందేది పెట్టెలోని పాకెట్టు. అది పాడవదు, వండనక్కరలేదు, గిన్నె కడగనక్కరలేదు, ఎవరినీ అడగనక్కరలేదు. హాస్టలు విద్యార్థికి ఇంతకన్న మంచి స్నేహితుడు ఎక్కడ దొరుకుతాడు? తెలివితక్కువ వల్ల బిస్కెట్లు తింటున్నామని ఉపన్యాసాలు ఇచ్చేవారు ఈ టైంటేబిలు కూడా ఒకసారి చూడాలి.

మేం ఏడెనిమిదిమందిమి కలిసి వార్డెన్ మేడమ్ దగ్గరకు వెళ్ళాం. టిఫిను ఏడున్నరకు పెట్టమని అడిగాం. వంటవాళ్ళు అంత ప్రొద్దున్నే రాలేరన్నారు. అది అబద్ధం కాదు. వంట మాస్టారు పది కిలోమీటర్ల నుంచి సైకిలు మీద వస్తారు. అప్పుడు నేను నా లెక్కల కాగితం తీశాను. వండనక్కరలేనివి ఇవ్వండి మేడమ్ అన్నాను. పుట్నాల పప్పులో నూటికి 20 గ్రాములకు పైగా మాంసకృత్తులున్నాయి. వేరుశనగ గుళ్ళలో 24, 25 గ్రాములు. ఒక గుప్పెడు, అంటే 30 గ్రాముల వేరుశనగలు తింటే ఏడు గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. నా బిస్కెట్ల పాకెట్టు మొత్తం ఇచ్చేదానికి దాదాపు రెట్టింపు. శనగల్లో 100 గ్రాములకు 6 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఉంటుంది. రాత్రే నానబెట్టి ఉంచితే ప్రొద్దున ఒక్క పొంగు మీద గుగ్గిళ్ళు అవుతాయి.

వార్డెన్ మేడమ్ వెంటనే ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది మాలో కొందరు! మెస్సు బిల్లు పెరుగుతుందని, తినని వాళ్ళమెందుకు కట్టాలని మీటింగులో పెద్ద వాదం. "నీకు రక్తం తక్కువైతే మేం గుగ్గిళ్ళు కొనాలా?" అని ఒక మిత్రురాలు అడిగింది. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. అయితే శిబిరంలో వెనక్కి పంపినవాళ్ళలో ఆ మిత్రురాలు కూడా ఉన్నదని ఆమెకు నాకు మాత్రమే తెలుసు. నేను ఆ మాట ఎత్తలేదు. చివరికి వారానికి మూడు రోజులు గుగ్గిళ్ళు, తక్కిన రోజులు పుట్నాలు–వేరుశనగలు, కావలసినవాళ్ళే డబ్బు కట్టేటట్టు రాజీ కుదిరింది. మొదటి నెల పంతొమ్మిదిమందిమి కట్టాం. ఆమె రెండో నెల చేరింది.

ఇనుము ఒక్కటే తింటే చాలదు, అది ఒంటికి పట్టాలి. దానికి సి విటమిన్ తోడు కావాలి. ఇక్కడికి వచ్చేసరికి మా అమ్మమ్మ గుర్తుకొచ్చింది. సి విటమిన్‌కు మన ఊళ్ళలో దొరికే పండ్లలో ఉసిరికాయను మినహాయిస్తే జామకాయను మించినది లేదు. 100 గ్రాములలో 200 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. స్త్రీకి రోజుకు కావలసినది 65. అంటే ఒక చిన్న జామకాయ మూడు రోజుల లెక్కను ఒక్క పూటలో చెల్లిస్తుంది. పైగా వేడి తగలదు, రంగు కలపరు, క్రీము గోడలు కట్టరు. మన గేటు ముందు మామ్మ బండి మీద కాయను నాలుగు చీలికలు చేసి, ఉప్పూ కారం అద్ది ఇస్తుంది. గుగ్గిళ్ళు తిని, దాంతో పాటే ఒక చీలిక నమలడం, టీని గంట తరువాతకు జరపడం: నేను చేసుకున్న మార్పులు ఇంతే. డాక్టరమ్మగారు ఇచ్చిన ఇనుము మాత్రలు కూడా వదలకుండా మింగాను. అసలు పుణ్యం వాటిదే ఎక్కువ అని ఒప్పుకోవాలి. 10.4 ఉన్నప్పుడు జామకాయల మీదనే ఆధారపడి కూర్చోవడం ప్రమాదం. శిబిరంలో తక్కువ వచ్చినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ముందు డాక్టరు దగ్గరకు వెళ్ళండి, తరువాత మామ్మ బండి దగ్గరకు.

బిస్కెట్లు మానేశానా అంటే మానలేదు. ఆదివారం సాయంత్రం నేనూ రూమ్మేటూ కలిసి ఒక పాకెట్టు విప్పుతాం. తలా మూడు. కడుపు నిండా తిన్న తరువాత, రుచి కోసం. అప్పుడది దాని స్థానంలో అది ఉన్నట్టు నాకు అనిపిస్తుంది. క్రీము ముందు, జామ్ చివర. ఆ పద్ధతిలో మార్పు లేదు.

మొన్న మళ్ళీ రక్తం చూపించుకుంటే 11.9 వచ్చింది. ఫిబ్రవరిలో శిబిరం ఉన్నదంటున్నారు. 12.5 కు ఇంకా కొంచెం దూరంలో ఉన్నాను. ఆ రాత్రి అమ్మమ్మకు ఫోను చేసి, త్రాసు దగ్గరనుంచి గుగ్గిళ్ళ మీటింగు దాకా జరిగినదంతా వివరంగా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా అంతా విని, "అయితే అందులో జామకాయ లేదన్నమాట. నే నప్పుడే అడిగాను, మీరంతా నవ్వారు" అంది.